అరెకా పామ్‌కి కుండీ ఇప్పుడే మార్చాలా, వానలు పడేదాకా ఆగాలా?

అయిదో_అంతస్తు
మా హాల్లో అరెకా పామ్ ఉంది, తెచ్చి మూడేళ్ళయింది. అప్పుడు నా నడుము దాకా ఉండేది, ఇప్పుడు నా తల దాటింది. నర్సరీ వాళ్ళే 10 అంగుళాల తెల్ల ప్లాస్టిక్ కుండీలో పెట్టి ఇచ్చారు, ఇప్పటికీ అదే కుండీ, ఒక్కసారి కూడా మార్చలేదు. రెండు నెలల నుంచి దీంతో టెన్షన్‌గా ఉంది. నీళ్ళు పోస్తే పోసినవన్నీ అర నిమిషంలో కింది ట్రేలోకి వచ్చేస్తున్నాయి. మర్నాడు వేలు పెట్టి చూస్తే మట్టి రాయిలా ఉంటోంది. ఆకుల కొసలు ఎండి గోధుమ రంగుకి తిరిగాయి. దసరా తర్వాత ఒక్క కొత్త ఆకు కూడా పూర్తిగా విచ్చుకోలేదు. మా వీధి చివర మొక్కలమ్మే అతన్ని అడిగితే "ఏడాదికోసారి మార్చాలి మేడమ్, ఇప్పటికే లేటయింది, 18 అంగుళాల కుండీ తీసుకోండి, మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. మా అత్తయ్య మాత్రం "ఈ ఎండల్లో మొక్కని కదపకు, మృగశిర కార్తె రానీ" అంటున్నారు. ఇది ఏప్రిల్ మూడో వారం, మృగశిరకి ఇంకా ఏడు వారాలుంది. ఎవరి మాట వినాలి? మా పాప పుట్టిన నెలలో తెచ్చుకున్న మొక్క ఇది, దీన్ని పోగొట్టుకోలేను.

పచ్చనాకు22
అత్తయ్యగారి మాట వినండి. మా ఇంట్లో ఇలాంటి విషయాల్లో పెద్దవాళ్ళ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

బెజవాడ_బాల్కనీ
ఆగండి అక్కా, దయచేసి ఆగండి. పోయినేడు మే చివర్లో నేను మార్చాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మా ఊళ్ళో అందరూ అనే మాటే, అయినా సెలవు దొరికింది కదా అని అదే వారంలో కూర్చున్నాను. పాత మట్టి అంతా దులిపేసి, వేర్లు నీళ్ళతో కడిగి, కొత్త మట్టిలో పెట్టాను. నాలుగో రోజుకి ఆకులు గొడుగు మూసినట్టు వాలిపోయాయి. ఇరవై రోజుల్లో మొక్క మొత్తం పోయింది. ఆరడుగుల మొక్క. ఇప్పటికీ ఆ మూల ఖాళీగానే ఉంది.

డల్లాస్_దొడ్డి
మాకు ఇక్కడ మార్చి, ఏప్రిల్ నెలలే మంచివి. చలికాలమంతా ఇంట్లో హీటర్ వేడికి మొక్కలు నిద్రపోయినట్టు ఉంటాయి, పొద్దు పెరగగానే లేస్తాయి. అంటే నెల పేరు కాదు, మొక్క పెరగడం మొదలుపెట్టే సమయం చూసుకోవాలి. మీకు అది వానల మొదట్లో వస్తుంది, లేదా ఫిబ్రవరిలో.

కొత్తమొక్క
మధ్యలో ఒక చిన్న ప్రశ్న. అరెకా అంటే వక్కే కదా? ఇది పెద్దయితే వక్కలు కాస్తుందా? మా నాయనమ్మ తాంబూలం డబ్బాకి ఇక బయట కొనక్కర్లేదు అనుకుంటున్నాను.

కడియం_మట్టి
@కొత్తమొక్క లేదు తమ్ముడూ, నాయనమ్మగారికి వక్కలు కొట్లోనే కొనాలి. వక్క చెట్టు శాస్త్రీయ నామం అరెకా కాటెచు, అది వేరే చెట్టు. హాల్లో పెట్టుకునే ఈ మొక్క మడగాస్కర్‌ది, డిప్సిస్ లుటెసెన్స్ అంటారు. వ్యాపారంలో అరెకా అనే పేరు స్థిరపడిపోయింది. దీని కాడలు పసుపుగా ఉండటం సహజం, అది చూసి జబ్బు అనుకుని చాలామంది మాకు ఫోన్ చేస్తారు.

మట్టిచేతులు
@అయిదో_అంతస్తు మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకే జబ్బువి కావు, విడదీసి చూడాలి. నా దగ్గర ఇంటి లోపల పెంచే పామ్‌లు పదకొండు ఉన్నాయి, ఇరవై ఏళ్ళుగా పెంచుతున్నాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఏడాదికోసారి మార్చాలన్న మాట పామ్‌లకి వర్తించదు. గులాబీలా, బంతిలా కాదు ఇవి. అరెకాకి కుండీ కాస్త ఇరుకుగా ఉంటేనే ఇష్టం. మామూలుగా రెండు మూడేళ్ళకి ఒకసారి చాలు, పెద్ద మొక్క అయితే అంతకన్నా ఆలస్యమైనా ఫర్వాలేదు. దీని వేర్లు కండగా, పెళుసుగా ఉంటాయి, విరిగితే కోలుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే క్యాలెండర్ చూసి మార్చకూడదు, వేర్లు చూసి మార్చాలి.

కుండీని పక్కకి వంచి అడుగు చూడండి. చిల్లుల్లోంచి వేర్లు తోసుకొచ్చాయా? పైన మట్టి మీద వేర్లు చుట్టలు చుట్టి కనిపిస్తున్నాయా? కుండీ గోడ ఎక్కడైనా ఉబ్బిందా? మొక్క మొత్తం మట్టితో సహా పైకి లేచినట్టు అంచుకి వచ్చేసిందా? ఇవి అసలైన గుర్తులు. నీళ్ళు ఆగకుండా జారిపోవడం కూడా గుర్తే, కానీ దానికి ఇంకో కారణం ఉండొచ్చు. మట్టి పూర్తిగా ఎండి గట్టిపడితే నీటిని లోపలికి తీసుకోదు, నీళ్ళు కుండీ గోడకీ మట్టికీ మధ్య సందులోంచి కిందికి పోతాయి. అప్పుడు ట్రే నిండుతుంది, వేర్లు మాత్రం దాహంతో ఉంటాయి.

ఆకుల కొసలు ఎండటం మాత్రం కుండీ గుర్తు కానే కాదు. చాలాసార్లు అది నీళ్ళ వల్ల వస్తుంది. కొసలు చూసి కుండీ మార్చినవాళ్ళు చాలామంది ఆ తర్వాత కూడా కొసలు ఎండుతున్నాయని బాధపడతారు.

నల్గొండ_తోట
కొసల గురించి పైన చెప్పినది అక్షరాలా నిజం. మా జిల్లా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. మనుషుల పళ్ళకీ ఎముకలకీ చేసే చేటు మేం కళ్ళతో చూసినవాళ్ళం. పామ్ ఆకుల కొసలకి కూడా అది పడదు, నీటితో పాటు ఆకు చివరిదాకా వెళ్ళి అక్కడ పోగుపడుతుంది. మరగబెడితే పోదు. నేను వాన నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి వాడటం మొదలుపెట్టాక కొత్తగా వచ్చిన ఆకులు కొసదాకా పచ్చగా ఉన్నాయి. పాత ఆకుల కొసలు మాత్రం మళ్ళీ పచ్చబడవు, ఎదురుచూడకండి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, దీనికి వేయకండి.

డల్లాస్_దొడ్డి
@నల్గొండ_తోట అమెరికాలో చాలా ఊళ్ళలో పళ్ళు పుచ్చకుండా కుళాయి నీళ్ళలో కావాలనే కొద్దిగా ఫ్లోరైడ్ కలుపుతారు. మొక్కలకి నేనూ వాన నీళ్ళే పడుతున్నాను.

అయిదో_అంతస్తు
మాది బోరు నీళ్ళే. ఆర్ఓ మెషీన్ నుంచి వృథాగా పోయే నీళ్ళు బకెట్లో పట్టి మొక్కలకి పోస్తున్నాను, నీళ్ళు పారబోయడం ఇష్టం లేక. అది తప్పా?

మట్టిచేతులు
ఇల్లు తుడవడానికీ, బాత్రూమ్ కడగడానికీ వాడండి. మంచి నీళ్ళలోంచి తీసేసిన ఉప్పులన్నీ ఆ నీళ్ళలోనే పేరుకుంటాయి, అంటే బోరు నీళ్ళకన్నా ఎక్కువ ఉప్పన్నమాట. పామ్‌కి అస్సలు వద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టండి, వాటిలో ఉప్పు ఉండదు. మట్టి మీద గానీ కుండీ అంచున గానీ తెల్లటి పొర కడుతోందా?

అయిదో_అంతస్తు
అవును!! సున్నం వేసినట్టు ఉంది. నేను బూజు అనుకుని గీకి పారేస్తున్నాను.

మట్టిచేతులు
అదే ఉప్పు.

వైజాగ్_వాన
నీళ్ళ సంగతి సరే, కుండీ సైజు గురించి ఎవరూ చెప్పలేదు. నా ఉద్దేశంలో ఆ నర్సరీ అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. మా ఇంట్లో 20 అంగుళాల సిమెంట్ కుండీలో నేరుగా పెట్టాను, మొక్క దర్జాగా ఉంది. ప్రతిసారీ రెండు అంగుళాలు పెంచుకుంటూ పోతే కుండీల ఖర్చు, మట్టి ఖర్చు, వంగి లేచే నడుం నొప్పి. ఒకేసారి చేస్తే పోలా?

పచ్చనాకు22
మీది ఇంట్లోనా, బయటా?

వైజాగ్_వాన
వరండాలో. పొద్దున్న రెండు గంటలు ఎండ తగులుతుంది, సముద్రం గాలి ఉంటుంది.

కడియం_మట్టి
అదీ తేడా. వరండాలో గాలీ వెలుతురూ ఉంటే పెద్ద కుండీలో మట్టి కూడా ఆరుతుంది. హాల్లో సోఫా పక్కన ఆరదు.

మాది కడియపులంక, ఇంట్లో రెండు తరాలుగా నర్సరీ పనే. ఒక లెక్క చెప్తాను. ఒకే ఆకారంలో ఉన్న కుండీలు తీసుకుంటే 10 అంగుళాల నుంచి 12కి వెళ్తే మట్టి దాదాపు ఒకటిముప్పావు రెట్లవుతుంది. 10 నుంచి 18కి వెళ్తే దాదాపు ఆరు రెట్లు. వేర్లు మాత్రం మధ్యలో ఉన్న ఆ కాస్త ముద్దలోనే ఉంటాయి. చుట్టూ ఉన్న అయిదు వంతుల మట్టిలో నీళ్ళు తాగేవాళ్ళు లేరు, అది వారాల తరబడి తడిగా ఉండి పులుస్తుంది, వేర్లు అటువైపు వెళ్ళగానే కుళ్ళుతాయి. ఇంట్లో పామ్‌లు ఎక్కువ చచ్చేది ఇలాగే, ఇరుకు కుండీ వల్ల కాదు. మా వాళ్ళలో కొందరు పెద్ద కుండీ అమ్ముడుపోతుందని అలా చెప్తారు, ఆ మాట చెప్పడానికి నాకే బాధగా ఉంది, కానీ చెప్పాలి. @అయిదో_అంతస్తు 12 చాలు.

ఇంకోటి. మీ కుండీలో ఉన్నది ఒక మొక్క కాదు. గింజలతో మొలిపించి గుబురుగా కనిపించాలని ఒక్కో కవర్లో చాలా మొలకలు కలిపి పెడతాం. మూడేళ్ళలో వాటిలో బలం లేనివి సన్నగా ఉండి చచ్చిపోతాయి. కుండీ మధ్యలో ఎండిన సన్న కాడలు కనిపిస్తే భయపడకండి, మొదలు దగ్గర కత్తిరించేయండి, లాగకండి.

బెజవాడ_బాల్కనీ
@కడియం_మట్టి అన్నా, అయితే కుండీ మార్చేటప్పుడు రెండు మూడుగా విడదీసుకోవచ్చా? మా అక్క ఒక పాయ అడుగుతోంది.

కడియం_మట్టి
చేయొచ్చు గానీ ఇంట్లో చేయమని చెప్పను. వేర్లన్నీ జడలా అల్లుకుపోయి ఉంటాయి. విడదీస్తే అన్ని పాయలూ దెబ్బతింటాయి, కొన్ని పోతాయి. మీ అక్కకి వేరే మొక్క కొనిపెట్టండి, ఇద్దరికీ సుఖం.

అయిదో_అంతస్తు
ఇవాళ సాయంత్రం మావారూ నేనూ కలిసి కుండీ పడుకోబెట్టి చూశాం. మట్టిచేతులు గారు చెప్పినట్టే చిల్లుల్లోంచి వేర్లు వచ్చి కింద ట్రేలో చుట్ట చుట్టుకున్నాయి. అయితే ఇంకో సంగతి బయటపడింది, అది చూసి నాకు ఏడుపొచ్చింది. అంచు దగ్గర మట్టి గీకుతుంటే నల్ల ప్లాస్టిక్ తగిలింది. ముందు కుండీ లోపలి పొర అనుకున్నాం. కాదు, నర్సరీ కవరు! కవరు తీయకుండానే మొక్కని కుండీలో దించి, పైన రెండు అంగుళాలు మట్టి కప్పి ఇచ్చేశారు. మూడేళ్ళుగా నా మొక్క ఆ కవర్లోనే ఉంది. కవరుకీ కుండీకీ మధ్య కొంచెం ఎర్రమట్టి, అది ముట్టుకుంటే పొడి. వేర్లు కవరు చిల్లులు చీల్చుకుని కిందికి వచ్చాయి. పాపం ఎంత కష్టపడిందో.

పచ్చనాకు22
అయ్యో. చదువుతుంటేనే ప్రాణం ఉసూరుమంది.

కొత్తమొక్క
నేను వెంటనే లేచి వెళ్ళి మా కుండీ గీకి చూశాను. మాకు కవరు లేదు. కానీ ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ లాబీలో ఉన్న ఆరు కుండీలు కూడా చూడాలనిపిస్తోంది, వాచ్‌మన్ నన్ను అనుమానంగా చూస్తున్నాడు.

కడియం_మట్టి
చాలా చోట్ల ఇలా చేస్తారు, తొందర పనిలో. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళగానే అంచు గీకి చూసుకోవడం మంచిది. ఇలాంటప్పుడు మొక్కలు పోయినా జనం తమ చేతిదే తప్పు అనుకుంటారు. మీ తప్పు ఏమీ లేదు అక్కా.

మట్టిచేతులు
కవరు ఉందని తెలిశాక నా సలహా మారుతోంది. ముందైతే జూన్ దాకా ఆగమనేవాణ్ణి. ఇప్పుడు ఆగడం వల్ల లాభం కనిపించట్లేదు. నీళ్ళు లోపలికి వెళ్ళే దారి లేదు, మే నెల ఎండ ముందుంది. వేరుముద్ద చెదరకుండా కవరు మాత్రం కోసి, 12 అంగుళాల కుండీలోకి జరపండి. ఇంట్లో నీడలోనే ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది.

బెజవాడ_బాల్కనీ
నేను ఒప్పుకోను. మీ అనుభవం ముందు నాది చిన్నదే, కానీ ఒక మొక్క పోగొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నాను. బకెట్లో నీళ్ళు పోసి కుండీని అందులో ఇరవై నిమిషాలు దించితే గట్టిపడ్డ మట్టి కూడా నానుతుంది, బుడగలు ఆగేదాకా ఉంచి తీసేయాలి. వారానికి ఒకసారి అలా చేస్తూ మృగశిర దాకా లాగొచ్చు. మూడేళ్ళు బతికిన మొక్క ఇంకో ఏడు వారాలు బతకదా?

మట్టిచేతులు
మీ మొక్క పోయింది ఎండ వల్ల ఒక్కటే కాదు తమ్ముడూ. మీరు పాత మట్టి దులిపి వేర్లు కడిగారని రాశారు. పామ్‌కి అది జనవరిలో చేసినా ప్రమాదమే. సన్నటి పీచు వేర్లు మట్టితో పాటే రాలిపోతాయి, నీళ్ళు తాగేది అవే. మిగతా మొక్కలకి వేర్లు విప్పి పెట్టమంటారు, చుట్టలు కత్తిరించమంటారు. పామ్‌కి ఆ రెండూ వద్దు. ముద్ద ఎలా వస్తే అలాగే దించాలి. ముద్ద కదలకపోతే వేసవిలో కూడా మొక్కకి పెద్దగా తెలియదు.

అయితే మీరు చెప్పిన బకెట్ పద్ధతి మంచిది, కుండీ మార్చే ముందు రోజు అదే చేయాలి. పొడి ముద్ద పగులుతుంది, తడి ముద్ద పట్టుకుని ఉంటుంది.

బెజవాడ_బాల్కనీ
వేర్లు కడగడం తప్పని నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పినందుకు థాంక్స్ అండీ. అయినా నేనైతే జూన్ దాకా ఆగుతాను, భయం పోలేదు.

అయిదో_అంతస్తు
అత్తయ్యకి కవరు చూపించాను. ఆవిడే అన్నారు, "పీకకు గుడ్డ చుట్టి ఉంటే కార్తె చూస్తామా, తీసేయ్" అని. కాబట్టి ఈ ఆదివారం చేస్తున్నాం. మట్టి ఎలా కలపాలో, ఎలా దించాలో వివరంగా చెప్పండి, నేను రాసి పెట్టుకుంటాను.

మట్టిచేతులు
ముందు రోజు సాయంత్రం బకెట్లో నానబెట్టండి. పని కూడా సాయంత్రమే, ఫ్యాన్ కట్టేసి చేయండి.

మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీ కంపోస్ట్ గానీ ఒక పాలు. కోకోపీట్ ఇటుకని నీళ్ళలో విప్పి, ఒకటి రెండుసార్లు కడిగి పిండండి, నాసిరకం వాటిలో ఉప్పు ఉంటుంది, మీ మొక్క ఇప్పటికే ఉప్పుతో బాధపడుతోంది. కలిపాక గుప్పిట్లో పిసికితే ముద్దవ్వాలి, వేలితో తాకితే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకొంచెం ఇసుక వేయండి. గుప్పెడు వేపపిండి వేయొచ్చు, రెండు మూడు రోజులు వాసన వస్తుంది, పాప ఉన్న ఇల్లు కాబట్టి మానేసినా నష్టం లేదు.

పాత కుండీలోంచి మొక్కని కాడలు పట్టుకుని లాగకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. పామ్‌కి ఒక్కో కాడకి ఒకటే మొవ్వు ఉంటుంది, కొబ్బరి చెట్టుకి లాగా. మొవ్వు విరిగిందంటే ఆ కాడ పని అయిపోయినట్టే, పక్క నుంచి కొమ్మ వేయదు. ఆకుల్ని పాత చీరతో వదులుగా కట్టి, మొక్కని దుప్పటి మీద పడుకోబెట్టి, కుండీ చుట్టూ అరచేత్తో తట్టండి. రాకపోతే కుండీనే కోసేయండి. ఆ తెల్ల కుండీ ఖరీదెంత, మొక్క ఖరీదెంత?

కవరుని బ్లేడుతో పైనుంచి కిందికి నాలుగు చోట్ల కోసి, పట్టీలుగా లాగండి. వేరు గుచ్చుకుని బయటికొచ్చిన చోట దాని చుట్టూ ప్లాస్టిక్ కత్తిరించండి, వేరుని కాదు. ఆరోగ్యంగా ఉన్న వేరు లేత రంగులో గట్టిగా ఉంటుంది. నల్లగా, మెత్తగా, పిసికితే పై తొక్క ఊడొచ్చేలా ఉంటే అది కుళ్ళింది, అది మాత్రమే తీసేయండి.

కొత్త కుండీలో అడుగున మట్టి పోసి ఎత్తు చూసుకోండి. పాత కుండీలో కాడ ఎక్కడిదాకా మట్టిలో ఉందో ఇప్పుడూ అక్కడిదాకే ఉండాలి. లోతుగా పాతితే కాడ మొదలు కుళ్ళుతుంది. మీ వాళ్ళు పైన రెండు అంగుళాలు అదనంగా కప్పారు కాబట్టి అది తీసేసి అసలు మట్టం వెతకండి. పైన అంగుళంన్నర ఖాళీ ఉంచాలి, లేకపోతే నీళ్ళు పొర్లిపోతాయి. పక్కల సందుల్లో మట్టి పోస్తూ పుల్లతో నెమ్మదిగా సర్దండి, దిమ్మిస కొట్టినట్టు కొట్టకండి. తర్వాత కింద కారేదాకా నీళ్ళు పోసి, అరగంటకి ట్రే ఖాళీ చేయండి.

వైజాగ్_వాన
అడుగున గులకరాళ్ళు మర్చిపోయారు. నీళ్ళు నిలవకుండా రెండు అంగుళాలు వేయాలి కదా.

మట్టిచేతులు
వద్దండీ. అందరూ వేస్తారు, నేనూ చాలా ఏళ్ళు వేశాను. నీళ్ళు మట్టిలోంచి రాళ్ళలోకి తేలిగ్గా దిగవు, రాళ్ళ పైన ఉన్న మట్టి పూర్తిగా నిండాకే దిగుతాయి. అంటే తడిగా ఉండే పొరని మనమే వేర్లకి దగ్గరగా పైకి జరిపినట్టు. పైగా వేర్లకి దక్కాల్సిన రెండు అంగుళాలు పోయాయి. చిల్లు మీద కుండ పెంకు ముక్కో, దోమతెర ముక్కో పెడితే చాలు, మట్టి జారకుండా.

వైజాగ్_వాన
ఇది కొత్తగా విన్నాను. ఈసారి ఒక కుండీలో రాళ్ళు లేకుండా చేసి చూస్తాను, పక్కపక్కన పెట్టి. మీ మాట నిజమైతే ఇక్కడే వచ్చి చెప్తాను.

అయిదో_అంతస్తు
అయిపోయింది. రెండు గంటలు పట్టింది. కుండీ ఎంత తట్టినా రాలేదు, చివరికి మావారు కోసేశారు. కవరు లోపల వేర్లు గోడ కట్టినట్టు ఉన్నాయి, మట్టి కనిపించనే లేదు. అడుగున పిడికెడు నల్ల వేర్లు మెత్తగా ఉంటే తీశాను, మిగతావన్నీ తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అత్తయ్య ఆకులు పట్టుకుని కూర్చున్నారు, పాప మట్టిలో చేతులు పెట్టి ఆడుకుంది. పాత మట్టం వెతికితే నిజంగానే రెండు అంగుళాల లోతులో దొరికింది. ఇప్పుడు కిటికీకి నాలుగడుగుల దూరంలో, తెల్ల కర్టెన్ వెనక పెట్టాం. ఏసీ గాలి తగలని మూల.

నల్గొండ_తోట
చాలా బాగా చేశారమ్మా. రెండు నెలలు ఎరువు జోలికి వెళ్ళకండి.

అయిదో_అంతస్తు
తొమ్మిదో రోజు. కింది ఆకులు రెండు పసుపు తిరిగాయి. ఒకటి వాలింది. నిద్ర పట్టట్లేదు. ఎప్సమ్ సాల్ట్ వేయమని ఇంకొకరు చెప్పారు, వేయనా?

కడియం_మట్టి
వేయకండి. కింది ఆకులు, అవీ ఒకటి రెండే అయితే కంగారు వద్దు. చోటు మారిన మొక్క పాత ఆకుల్లో ఉన్న సత్తువ లాక్కుని కొత్త వేరుకి పంపుతుంది. అవి పూర్తిగా ఎండేదాకా కోయకండి, ఇంకా పనికొస్తున్నాయి. మధ్యలో ఈటెలా నిలబడ్డ లేత ఆకు ఎలా ఉందో చూడండి. అది పచ్చగా, గట్టిగా ఉంటే మొక్క బాగున్నట్టే.

అయిదో_అంతస్తు
పచ్చగానే ఉంది. వేలితో తాకితే గట్టిగా ఉంది.

కడియం_మట్టి
అయితే హాయిగా పడుకోండి.

మట్టిచేతులు
నీళ్ళు ఎలా పోస్తున్నారు?

అయిదో_అంతస్తు
రోజు విడిచి రోజు, ఒక చెంబు. ఏసీ నీళ్ళే.

మట్టిచేతులు
రోజుల లెక్క వదిలేయండి. ఇదివరకు ఆ కుండీ ఒక్క రోజులో ఎండేది, ఇది ఎండదు. పాత అలవాటు చొప్పున పోస్తే కొత్త మట్టి బురదవుతుంది. వేలు రెండు కణుపుల దాకా దించండి, తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే కింద కారేదాకా పోయండి. చెంబుడు చెంబుడు పోస్తే పైన తడిసి లోపలి ముద్ద పొడిగా ఉండిపోతుంది, మీ మొక్కకి మూడేళ్ళు జరిగింది అదే.

డల్లాస్_దొడ్డి
నేను వెదురు పుల్ల ఒకటి కుండీలో గుచ్చి ఉంచుతాను. అది తీసి చూస్తే అడుగు దాకా ఎక్కడ తడి ఉందో రంగులో తెలిసిపోతుంది. మా అమ్మ కేకు ఉడికిందో లేదో చూసినట్టు.

అయిదో_అంతస్తు
జూలై 6. మీ అందరికీ చెప్పాలని వచ్చాను. ఆ రెండు ఆకులూ ఎండిపోతే కోసేశాను, ఇంకేవీ పోలేదు. మే నెలంతా మొక్క కదలకుండా అలాగే ఉంది, పెరగనూ లేదు, వాడనూ లేదు. జూన్ రెండో వారంలో వానలు పడ్డాక ఆ ఈటె రోజూ కొంచెం పైకి రావడం మొదలుపెట్టింది, పాప ఎత్తుతో పాటు గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టాం. నిన్న విచ్చుకుంది. కొసదాకా పచ్చగా ఉంది, ఒక్క మచ్చ లేదు. పక్క కాడలో ఇంకో ఈటె బయల్దేరింది. బాల్కనీలో వాన నీళ్ళకి రెండు డ్రమ్ములు పెట్టాం. బెజవాడ తమ్ముడూ, నీ మూల ఇంకా ఖాళీగానే ఉందా?

బెజవాడ_బాల్కనీ
లేదక్కా! మృగశిర రోజే అరెకా తెచ్చాను. ఇంటికి రాగానే అంచు గీకి చూశాను, కవరు ఉంది, నర్సరీ వాళ్ళు చూడకుండా ఇచ్చేశారు. వేర్లు ముట్టుకోకుండా కోసి తీశాను. కొత్త ఆకు ఇంకా రాలేదు గానీ ఉన్నవి నిగనిగలాడుతున్నాయి. మా అక్కకి కూడా ఒకటి కొనిచ్చాను.

కొత్తమొక్క
లాబీ కుండీలు చూశాను. ఆరింట్లో రెండింటికి కవరు ఉంది. అసోసియేషన్‌తో మాట్లాడి ఈ ఆదివారం తీస్తున్నాం, వాచ్‌మన్ కూడా సాయం చేస్తానన్నాడు. అవి రాఫిస్ పామ్‌లు, వాటికీ ఇదే పద్ధతేనా?

మట్టిచేతులు
ఇదే. రాఫిస్ ఇంకా నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి కుండీ సైజు పెంచకండి. కవరు తీసి అదే కుండీలో పెట్టండి, సందుల్లో కొత్త మట్టి పోయండి. దాని పిలకలు అంచుకి ఆనుకుని వస్తాయి, బ్లేడు పెట్టేటప్పుడు అవి తెగకుండా చూసుకోండి.